టారో కొనాలా ఒరాకిల్ కొనాలా? ఈ నెల ఉత్తరాలన్నీ ముక్కల మీదే

పోయిన నెల ఈ కాలమ్‌లో ఎవరో ఉద్యోగం గురించి అడిగితే, జవాబు చివర "నేనైతే ఇలాంటప్పుడు ఒక టారో కార్డు తీసి చూస్కుంటా" అని ఒక్క లైను రాశా. టారో అంటే జోస్యం చూస్కునే బొమ్మల ముక్కలు. అంతే, మెయిల్ బాక్స్ నిండిపోయింది. తిట్టినవాళ్ళున్నారు, నంబర్ ఇవ్వమన్నవాళ్ళున్నారు, మా అమ్మాయి పెళ్ళెప్పుడో చూసి చెప్పమన్నవాళ్ళు కూడా ఉన్నారు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీస్కున్నా. ఒక్క మాట ముందే చెప్పేస్తా, నేను ఎవరికీ డబ్బులు తీస్కుని కార్డులు చూడను, పదిహేనేళ్ళుగా నా కోసం నేనే చూస్కుంటున్నా, కాబట్టి నా అనుభవం ఆ మేరకే.

అక్కా, నేను స్కూల్ టీచర్ని, 34 ఏళ్ళు. రెండేళ్ళుగా యూట్యూబ్‌లో తెలుగు "పిక్ ఎ కార్డ్" రీడింగులు (మనం ఒక ముక్క ఎంచుకుంటే దాని ఫలితం చెప్పే వీడియోలు) చూస్తున్నా. ఇక సొంతంగా ఒక ప్యాక్ కొనుక్కుని నా మటుకు నేను చూస్కుందామని ఆన్‌లైన్‌లో వెతికితే కొన్నిటికి టారో అని ఉంది, కొన్నిటికి ఒరాకిల్ అని ఉంది. రెండూ ఒకటే కాదా? నాలాంటి కొత్తవాళ్ళు ఏది కొనాలి?
*ఒక టీచరమ్మ, విజయవాడ*

రెండూ ఒకటి కాదమ్మా. బాక్సు చూడ్డానికి ఒకేలా ఉంటుంది, లోపల యవ్వారం వేరు.

మీ ఇంట్లో రమ్మీ ఆడేవాళ్ళుంటే టారో అర్థం చేస్కోడం రెండు నిమిషాల పని. మన పేకలో ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అని నాలుగు రంగులు, ఒక్కో రంగుకి 13 ముక్కలు కదా. టారోలో కూడా నాలుగే, కత్తులు, కప్పులు, నాణేలు, కర్రలు. ఇటలీ వాళ్ళు కత్తుల్ని స్పాదే అంటారు, మన ఇస్పేటు ఆ మాటకి చుట్టమే. ఒక్కో రంగుకి 14 ముక్కలు, ఎందుకంటే జాకీకీ రాణికీ మధ్యలో గుర్రం మీద ఒకడు ఎక్స్‌ట్రా ఉంటాడు. అక్కడికి 56. వాటిపైన రంగు లేని బొమ్మ ముక్కలు ఇంకో 22, ఫూల్, ఎంప్రెస్, డెత్, టవర్, మూన్, సన్ ఇలా. మొత్తం 78. మీరు జపాన్‌లో కొన్నా జర్మనీలో కొన్నా, పిల్లుల బొమ్మలేసిన ప్యాక్ కొన్నా, టారో అంటే దాదాపు ఎప్పుడూ ఈ లెక్కే, ఈ వరసే.

ఇంకో విషయం, చాలామందికి ఇది చెప్తే మొహం మాడిపోతుంది. ఇది పుట్టింది జోస్యం కోసం కాదు, ఆట కోసం. 1440ల్లో ఉత్తర ఇటలీలో, మిలాన్, ఫెరారా లాంటి చోట్ల దొరల ఇళ్ళల్లో ఆడుకునేవాళ్ళు, ఆ 22 బొమ్మలూ తురుఫు ముక్కలన్నమాట. ఫ్రాన్స్‌లో, ఆస్ట్రియాలో ఇప్పటికీ ఆడతారు. మూడొందల ఏళ్ళు దాటాక 1781లో కోర్ దె జెబెలాఁ అనే ఫ్రెంచాయన "ఇది ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథం" అని రాసి పడేశాడు. అప్పటికి ఈజిప్టు బొమ్మల రాత చదవడం ప్రపంచంలో ఎవరికీ రాదు, అది షాంపోలియోఁ విడమర్చింది 1822లో! అయినా జనం నమ్మేశారు. ఆయన వెనకాలే ఎత్తెల్లా అని ఇంకొకాయన జోస్యానికే ప్రత్యేకంగా ప్యాక్ వేసి అమ్మాడు. మీరు యూట్యూబ్‌లో చూసే పసుపు ఆకాశం బొమ్మలు మాత్రం 1909లో లండన్‌లో వచ్చినవి, వెయిట్ అనే ఆయన చెప్తే పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ గీసింది.

ఇక ఒరాకిల్. దీనికి రూలే లేదు. 36 ఉండొచ్చు, 44 ఉండొచ్చు, 52 ఉండొచ్చు. దేవతలు, జంతువులు, పువ్వులు, రాళ్ళు, ఏ బొమ్మైనా వేస్కోవచ్చు, చాలావాటిల్లో కింద ఒక మాటో ఒక వాక్యమో కూడా రాసుంటుంది. ఆ ప్యాక్ చేసినావిడ ఏమనుకుందో అదే అర్థం, దాంతో పాటొచ్చే చిన్న పుస్తకమే సర్వస్వం. ఒక ఒరాకిల్ నేర్చుకున్నంత మాత్రాన ఇంకో ఒరాకిల్ రాదు, మళ్ళీ మొదట్నుంచీ.

అసలు ఇది మనకేం కొత్త కాదు కూడా. చిన్నప్పుడు సంతలో చిలక జోస్యం చూసే ఉంటారు, పంజరం తలుపు తీస్తే చిలక టకటకా నడుచుకుంటూ వచ్చి, వరసగా పేర్చిన కవర్లలోంచి ఒకదాన్ని ముక్కుతో లాగి పక్కన పడేసేది, ఒక గింజ తీస్కుని లోపలికెళ్ళిపోయేది. కవర్లో వెంకటేశ్వరస్వామో ఆంజనేయస్వామో ఉంటే ఆ బొమ్మని బట్టి జోస్యం చెప్పేవాడు పాట ఎత్తుకునేవాడు. అది పక్కా ఒరాకిలే. (ఇప్పుడు చిలకని అలా పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, మంచిదే అయింది, దాని రెక్కలు కత్తిరించేవాళ్ళు.)

మీరు టీచర్ కాబట్టి ఇంకోలా చెప్తా. ఒరాకిల్ అంటే మీ స్కూల్ బోర్డు మీద పొద్దున్నే రాసే నేటి మంచిమాట. టారో అంటే ఎక్కాలు. మంచిమాట ఎవరైనా చదివేస్తారు, ఎక్కాలు బట్టీ పట్టాలి, కానీ ఒకసారి వచ్చాయంటే ఏ లెక్కకైనా పనికొస్తాయి.

ఏది కొనాలి అంటే, నేనైతే టారోనే అంటా, కారణం ఒక్కటే. టారోలో చెడ్డ ముక్కలున్నాయి. వీపులో పది కత్తులు దిగి బోర్లా పడున్నవాడు, అర్ధరాత్రి మంచం మీద లేచి మొహం చేతుల్లో దాచుకున్న ఆవిడ, మంచులో చెప్పుల్లేకుండా చర్చి కిటికీ కింద నుంచి పోతున్న బీదవాళ్ళు, ఇవన్నీ ఆ 78లోనే ఉన్నాయి. మనం మనకోసం మనమే చూస్కునేటప్పుడు ఉన్న పెద్ద జబ్బేంటంటే మనకి కావాల్సిందే మనకి వినపడుతుంది. ఎదురు చెప్పేవాడు ఎవడో ఒకడుండాలి కదా. ఒరాకిల్ ప్యాకులు చాలావరకు ఎదురు చెప్పవు. "నువ్వు క్షేమం", "విశ్వం నీతోనే ఉంది", "వదిలేయ్, అంతా మంచికే" ఇవే. బాగా దిగులుగా ఉన్న రోజు అది కూడా అవసరమే, నేను కాదనను, మా అమ్మ పోయినప్పుడు నాలుగు నెలలు టారో ముట్టుకోలేదు, ఒరాకిలే తీశా. కానీ ఎవరికైనా అప్పివ్వాలా వద్దా అని అడిగితే "ప్రేమే సమాధానం" అని వచ్చిందనుకోండి, దాంతో ఏం చేస్కుంటాం?

కొన్నాక మొదటి పని, ముక్కలు లెక్కపెట్టండి. నవ్వకండి. నేను మొదటిసారి ఆన్‌లైన్‌లో ఒక చవక ప్యాక్ కొన్నా, పుస్తకం లేదు, ఒక క్యూఆర్ కోడ్ చీటీ, అది స్కాన్ చేస్తే ఏదో తెరుచుకోని పేజీ. రోజూ ఒక కార్డు చొప్పున మూడు నెలలు తీశా, ఒక్కసారి కూడా సన్ కార్డు రాలేదు. నా డైరీలో "నా బతుకులో వెలుగు రాసి పెట్టిలేదేమో" అని రాస్కుని ఏడ్చిన పేజీ ఇప్పటికీ ఉంది. తీరా ఒకరోజు మా చెల్లెలి కొడుకు ముక్కలన్నీ నేలమీద పరిచి ఆడుకుంటూ లెక్కపెట్టి 77 అన్నాడు. సన్ అసలు ప్యాక్‌లోనే లేదు.

నాకు ఎవరూ గిఫ్ట్ ఇవ్వలేదు. మొదటి టారో మనం కొనుక్కోకూడదు, ఎవరో ఇవ్వాలి అంటారు నిజమేనా? తక్కువ రేటుకి దొరికే కాపీలు వాడొచ్చా?
*డిగ్రీ స్టూడెంట్, తిరుపతి*

మొదటిదానికి జవాబు, ఉత్త మాట. కొనుక్కోండి.

రెండోది కొంచెం ఆలోచించాల్సిందే. 1909 బొమ్మల సంగతైతే, ఆ ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది, వెయిట్ 1942లో, పమేలా 1951లో. మన దేశంలో కాపీరైట్ మనిషి పోయాక 60 ఏళ్ళు, కాబట్టి ఆ పాత బొమ్మల్ని ఎవరైనా అచ్చేసుకోవచ్చు. కానీ ఒరాకిల్ ప్యాకులు చాలావరకు ఇప్పుడు బతికున్న ఆర్టిస్టులవి, వాటి నకిలీ కొంటే వాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే. పమేలా సంగతి చూడండి, దాదాపు 80 బొమ్మలు గీసింది, ఆ పని అయ్యాక ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ పని కొండంత డబ్బులు గోరంత అన్న అర్థంలో వాపోయింది. ప్యాక్ పేరులో చాలాకాలం పబ్లిషర్ పేరుంది, వెయిట్ పేరుంది, ఆవిడ పేరు లేదు. చివరికి డబ్బు లేకుండానే పోయింది. ముక్కల మీద ఒక మూల పాము మెలిక తిరిగినట్టు చిన్న సంతకం ఉంటుంది, అది ఆవిడదే, మీ ప్యాక్ వచ్చాక వెతకండి. కొన్ని నకిలీల్లో దాన్ని కూడా చెరిపేస్తారు.

మేం డాలస్‌లో ఉంటాం. మా అత్తయ్యగారు ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చారు. నేను బెడ్రూంలో పది ముక్కల కెల్టిక్ క్రాస్ పరిచి ఉండగా డెత్ కార్డు చూశారు. అప్పట్నుంచీ ఇంట్లో శవం బొమ్మ పెట్టుకున్నావ్, నా కొడుక్కి ఏమన్నా అయితే అని గొడవ. ఆయనేమో "అమ్మ ఉన్నన్నాళ్ళు పారెయ్ రాదా" అంటున్నారు. నిజానికి ఆ కార్డు వచ్చినప్పుడు నాకూ గుండె ఝల్లుమంది, బయటికి చెప్పలేదంతే.
*పేరు రాయొద్దన్నారు*

ముందు మీ గుండె సంగతి చూద్దాం, అత్తయ్యగారి సంగతి తర్వాత.

మీరు పది ముక్కలు పరిచే కెల్టిక్ క్రాస్ వేశానని రాశారు. 78లో 10 ముక్కలు తీస్తున్నారు, అంటే డెత్ వచ్చే అవకాశం నూటికి దాదాపు 13. సుమారు ఎనిమిదిసార్లు పరిస్తే ఒకసారి వస్తుంది. ప్రపంచంలో ఈ పొద్దు ఎంతమంది పరుస్తున్నారో, వాళ్ళల్లో ఎనిమిదో వంతు మందికి అది వచ్చే ఉంటుంది, వాళ్ళందరి ఇళ్ళల్లో ఏడుపులు లేవు కదా.

ఇప్పుడు ఆ ముక్కని ఒకసారి నింపాదిగా చూడండి. తెల్ల గుర్రం మీద అస్థిపంజరం, చేతిలో నల్ల జెండా, జెండా మీద తెల్ల గులాబి. కింద కిరీటం ఊడిపడి రాజు పడున్నాడు, మతగురువు చేతులు జోడించి నిలబడ్డాడు, ఒక అమ్మాయి మొహం పక్కకి తిప్పేసుకుంది, ఒక చిన్నపిల్ల మాత్రం భయం లేకుండా గుర్రం వంక చూస్తోంది. వెనకాల దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడు. అందుకే దీన్ని చదివేవాళ్ళు మనిషి చావుగా చదవరు, ఒక దశ ముగిసింది అని చదువుతారు. ఉద్యోగం మానడం, ఊరు మారడం, పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయి ఇల్లు ఖాళీ అవ్వడం ఇలాంటివి. అత్తాకోడళ్ళ మధ్య పాత పద్ధతి పోయి కొత్తది రావడం కూడా ఇందులోకే వస్తుంది, ఆ మాట అత్తయ్యగారితో అనకండి మళ్ళీ!

ఇక ఆవిడ. డెబ్భై ఏళ్ళ మనిషి పరాయి దేశంలో కొడుకింట్లో పుర్రె బొమ్మ చూస్తే భయపడరా? మన దగ్గర పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు చూస్కునే ఇళ్ళే కదా మనవి. వాదించకండి. పారేయనూ అక్కర్లేదు. ఆరు నెలలు ప్యాక్ మీ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంచుకోండి, ఆఫీసులో లంచ్ టైంలో చూస్కోండి. చేతులు ఊరుకోవంటే ఈ ఆరు నెలలకి పువ్వుల బొమ్మలున్న ఒరాకిల్ ఒకటి హాల్లో పెట్టండి, నాకు తెలిసి ఆవిడే నాలుగో రోజుకల్లా "నాకూ ఒకటి తియ్యమ్మా" అంటారు. ఈ ఒక్క విషయంలో మాత్రం టారో కన్నా ఒరాకిల్ వెయ్యి రెట్లు నయం, నలుగురున్న ఇంట్లో ఎవర్నీ భయపెట్టదు.

మేడం, రోజూ ఒక కార్డు తీస్తున్నా. పద్నాలుగు రోజుల్లో మూడుసార్లు టవర్ (పిడుగు పడి కూలుతున్న బురుజు బొమ్మ) వచ్చింది. ఇది యూనివర్స్ నాకిస్తున్న వార్నింగేనా?
*బీటెక్ థర్డ్ ఇయర్, వరంగల్*

బీటెక్ అన్నారు కాబట్టి లెక్కే చెప్తా. 14 రోజుల్లో ఖచ్చితంగా టవరే మూడుసార్లు రావడం వెయ్యిలో ఒకటి కూడా కాదు, నిజమే. కానీ మీరు టవర్ కోసం ముందే కాచుక్కూర్చోలేదు కదా, ఏది మూడుసార్లు వచ్చినా ఉలిక్కిపడేవారే. 78లో ఏదో ఒకటి అలా రావడం నూటికి ఐదారు. మీ హాస్టల్లో వంద మంది మీలాగే తీస్తే ఐదారుగురు ఇదే ఉత్తరం రాస్తారు. ఇక రెండుసార్లు రావడమైతే అసలు వింతే కాదు, రోజుకొకటి చొప్పున తీస్తే 11 రోజులకే ఏదో ఒకటి రిపీట్ అయ్యే ఛాన్స్ సగం దాటుతుంది. 44 ముక్కల ఒరాకిల్ అయితే తొమ్మిది రోజులకే. అందుకే ఒరాకిల్ తీసేవాళ్ళు "నా కార్డు నన్ను వెంటాడుతోంది" అని ఎక్కువ అంటుంటారు, ప్యాక్ చిన్నది మరి.

ఇదంతా ముక్కలు బాగా కలిపితేనే. మామూలు 52 ముక్కల పేకనే రెండు భాగాలు చేసి బర్రున ఒకదాంట్లోకి ఒకటి దూర్చే పద్ధతిలో ఏడుసార్లు కలిపితే గానీ సరిగ్గా కలవదని లెక్కల వాళ్ళు తేల్చారు. టారో ముక్క పెద్దది, చేతిలో పట్టదు, మనం పైపైన నాలుగుసార్లు కలిపి వదిలేస్తాం, నిన్న పైన పెట్టింది ఇవాళ కూడా పైనే ఉంటుంది. దుప్పటి మీద మొత్తం పోసి పిండి కలిపినట్టు రెండు చేతులతో గుండ్రంగా తిప్పండి, ఒక నిమిషం. తర్వాత కూడా టవరే వస్తే, సరే, బ్యాక్‌లాగ్స్ ఎన్నున్నాయో నాకు రాయండి.

మేం క్రైస్తవులం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీస్కుంటాం, అది ఏడాదంతా బైబిల్లో పెట్టుకుంటాం. మా ఫ్రెండ్ ఏంజెల్ ఒరాకిల్ కార్డులు ఇచ్చింది, దేవదూతలే కదా, తప్పేముంది అంటోంది. నాకు మనసొప్పట్లేదు.
*ఒక సోదరి, గుంటూరు*

మనసొప్పకపోతే అక్కడితో ఆపేయండమ్మా, అంతకు మించిన జవాబు నా దగ్గర లేదు. పైకి రెండూ ఒకలాగే అనిపిస్తాయి, కళ్ళు మూస్కుని ఒక ముక్క తీస్తాం, ఒక వాక్యం వస్తుంది. కానీ వాగ్దానం కార్డు మీద ఉన్నది మీ గ్రంథంలోని వచనం, మీరు దాన్ని ప్రశ్న అడిగి తీయట్లేదు, జోస్యంగానూ చూడట్లేదు. ఏంజెల్ కార్డు మీద వాక్యం ఆ ప్యాక్ రాసినావిడది. సోదె, శకునాలు వద్దని ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయంలో స్పష్టంగానే ఉంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. ఇంకో సంగతి, ఈ ఏంజెల్ కార్డుల్ని ప్రపంచమంతా ఇంటింటికీ చేర్చిన డోరీన్ వర్చ్యూ అనే అమెరికా ఆవిడే 2017లో క్రైస్తవంలోకి వచ్చి, తన కార్డులు వాడొద్దని తనే చెప్పడం మొదలుపెట్టింది. మీ ఫ్రెండ్‌కి ఈ ఒక్క సంగతి చెప్పి నవ్వుతూ తిరిగిచ్చేయండి.

ఇంత చదువుకుని ఈ చెత్త ఎందుకు రాస్తున్నారు? ఎవరికైనా సరిపోయే మాటలు చెప్పి మోసం చెయ్యడమే కదా ఇది.
*రిటైర్డ్ సైన్స్ లెక్చరర్, రాజమండ్రి*

సార్, మీరన్న మాటకి మీకంటే మంచి సాక్ష్యం నేనే ఇస్తా. 1948లో బెర్ట్రం ఫోరర్ అనే సైకాలజీ మేష్టారు 39 మంది స్టూడెంట్లకి "మీ మనస్తత్వం ఇదీ" అని తలో కాగితం ఇచ్చి, ఎంత సరిపోయిందో ఐదుకి మార్కులెయ్యమన్నాడు. సగటు 4.26 వేశారు. తీరా అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులో వాక్యాలు బజార్లో దొరికే జాతకాల పుస్తకంలోంచి ఏరినవి.

అందుకే నేను ఒరాకిల్ వాక్యాల్ని అంతగా నమ్మనిది, అవి అచ్చం ఆ కాగితమే. టారో కూడా భవిష్యత్తు చెప్పదు సార్, అవి అట్టముక్కలు, నాకా సంగతి తెలుసు. నాకు అది ఏం చేస్తుందంటే, నేను ఆలోచించకుండా తప్పించుకుంటున్న వైపు నుంచి ఒక బొమ్మ తెచ్చి ముందు పడేస్తుంది, అంతే. వేరేవాళ్ళ దగ్గర డబ్బు తీస్కుని చెప్పేవాళ్ళ మాట వేరు, అక్కడ మీ కోపం న్యాయమే. కింద ఉత్తరం చూడండి.

ఆన్‌లైన్‌లో ఒకాయన టారో చూసి నా మీద ఎవరో ప్రయోగం చేశారని, తీసెయ్యడానికి 21 వేలు అవుతుందని అన్నాడు. సగం కట్టాను. మిగతా సగం కట్టకపోతే రివర్స్ అవుతుందంటున్నాడు.
*పేరు, ఊరు వద్దన్నారు*

కట్టకండి. నంబర్ బ్లాక్ చేసే ముందు చాట్లు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు దాచి 1930కి ఫోన్ చేసి సైబర్ కంప్లైంట్ ఇవ్వండి, ఇవాళే. ఆ 78 ముక్కల్లో ప్రయోగం అనే ముక్క లేదు, 21 వేలు అనే ముక్క అంతకన్నా లేదు. ఇంట్లో ఒకరికి చెప్పండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు.

లెనార్మాండ్ అని ఇంకోటుంది కదా, అది ఏ పార్టీ? ఓషో జెన్ టారో టారోనేనా?
*ఒక పాఠకుడు, హనుమకొండ*

లెనార్మాండ్ ఏ పార్టీ కాదు, ఇండిపెండెంట్. 36 ముక్కలు, ఓడ, ఇల్లు, చెట్టు, పాము, ఉత్తరం ఇలా పేర్లు, సంఖ్య మారదు కాబట్టి ఒరాకిల్‌లా విచ్చలవిడి కాదు, కానీ టారో వరస కూడా కాదు. పేరు ఫ్రాన్స్‌లో పేరుమోసిన జోస్యురాలు మద్మొజెల్ లెనార్మాండ్‌ది, 1843లో పోయింది. ముక్కలు మాత్రం ఆవిడవి కాదు, జర్మనీలో నూరెంబర్గ్‌కి చెందిన హెక్టెల్ అనే ఆయన 1799 ప్రాంతంలో చేసిన ఒక ఇంటి ఆట. పాచికలేసి గడులు దాటే ఆట, మన వైకుంఠపాళిలాగా అనుకోండి. ఆవిడ పోయాక ఆవిడ పేరు తగిలించి అమ్మేశారు. చూశారా, ఇది కూడా ఆటే!

ఓషో జెన్‌లో 79 ఉంటాయి, మాస్టర్ అని ఒకటి ఎక్కువ. కత్తులు కప్పుల బదులు మబ్బులు, నీళ్ళు, నిప్పు, ఇంద్రధనుస్సు. ఎముకలు టారోవి, మాట తీరు ఒరాకిల్‌ది.

నాకు పుణెలో ఆఫర్ వచ్చింది, జీతం ఇప్పటికంటే ముప్ఫై శాతం ఎక్కువ. హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ళుగా ఒకే కంపెనీ. అమ్మానాన్న ఇక్కడే. వెళ్ళాలా వద్దా అని ఒరాకిల్ తీస్తే "ప్రయాణాన్ని నమ్ము" అని వచ్చింది, సంతోషించా. మళ్ళీ డౌట్ వచ్చి టారో మూడు ముక్కలు తీశా, ఫోర్ ఆఫ్ పెంటకిల్స్, ఎయిట్ ఆఫ్ కప్స్ తలకిందులుగా, పేజ్ ఆఫ్ పెంటకిల్స్. ఇప్పుడు ఏది నమ్మాలి? ఎందుకు రెండూ వేర్వేరుగా చెప్తున్నాయి?
*ఒక అమ్మాయి, కూకట్‌పల్లి*

వేర్వేరుగా చెప్పట్లేదు. ఒరాకిల్ ఏమీ చెప్పలేదు అసలు. "ప్రయాణాన్ని నమ్ము" అంటే పుణె ప్రయాణమా, ఇక్కడే ఉండి సాగించే ప్రయాణమా? మీకు లోపల వెళ్ళాలని ఉంది కాబట్టి పుణె అని చదివారు. అంటే మీకు వెళ్ళాలని ఉందన్న సంగతి ఒకటి తెలిసింది, దానికి థాంక్స్ చెప్పి పక్కన పెట్టండి.

ఇప్పుడు టారో ముక్కలు వరసగా ముందు పెట్టుకోండి, పెంటకిల్స్ అంటే పైన చెప్పిన నాణేలే. పుస్తకం మూసేయండి, బొమ్మ చూడండి చాలు. మొదటివాడు ఊరి బయట ఒక రాతి దిమ్మ మీద కూర్చుని ఒక నాణేన్ని గుండెకి వాటేసుకున్నాడు, ఒకటి నెత్తిన, రెండు పాదాల కింద. డబ్బు భద్రంగా ఉంది. కానీ వాడు లేవలేడు, లేస్తే కాళ్ళ కింద రెండూ పోతాయి. ఎనిమిదేళ్ళు ఒకే కంపెనీ అన్నారు చూడండి, సీనియారిటీ, తెలిసిన మేనేజర్, ఇవన్నీ ఆ కాళ్ళ కింద నాణేలే.

రెండోది, రాత్రిపూట ఎర్ర శాలువా కప్పుకుని కర్ర పట్టుకుని ఒకడు కొండదారిలో వెళ్ళిపోతుంటాడు, వెనక ఎనిమిది కప్పులు. కింద వరసలో ఐదు, పైన మూడు, ఆ మూడింటి మధ్య ఒక కప్పు పట్టేంత ఖాళీ ఉంది, గమనించండి. అన్నీ ఉన్నా ఏదో ఒకటి లేక వెళ్ళిపోతున్నాడు. అది మీకు తలకిందులుగా వచ్చింది, అంటే నేనైతే వెళ్ళాలనుకుని గుమ్మంలో ఆగిపోవడం అని చదువుతా. నేను తలకిందుల్ని ఎప్పుడూ పూర్తి వ్యతిరేకంగా చదవను, కొందరు అసలు పట్టించుకోరు, అదీ తప్పు కాదు. ఇక్కడ మీరు మిమ్మల్ని అడగాల్సింది ఆ ఖాళీ కప్పు ఏంటి అని. జీతమేనా? జీతమే అయితే ఇక్కడే అడిగి చూశారా? ఉత్తరంలో జీతంతో పాటు "అమ్మానాన్న ఇక్కడే" అని కూడా రాశారు.

మూడోవాడు కుర్రాడు, పచ్చటి పొలంలో నిలబడి ఒక్క నాణేన్ని రెండు చేతులతో పైకెత్తి దానివంకే చూస్తున్నాడు. మొదటివాడి దగ్గర నాలుగున్నాయి, వీడి దగ్గర ఒకటే, కానీ వీడు నిలబడున్నాడు. ఇక్కడ ఎనిమిదేళ్ళ సీనియర్ అక్కడికెళ్తే మళ్ళీ కొత్త కుర్రాడే, ఆరు నెలలు అందర్నీ అడిగి నేర్చుకోవాలి, దానికి ఒప్పుకుంటారా అన్నదే నాకు కనబడుతోంది. ముప్ఫై శాతంలో పుణె అద్దె, నెలకోసారి ఇంటికొచ్చే చార్జీలు తీసేస్తే ఎంత మిగులుతుందో కూడా ఆ కుర్రాడిలాగే చేతిలో పట్టుకుని చూడండి.

మళ్ళీ నాలుగో ముక్క తీయొద్దు, దయచేసి. నచ్చేదాకా తీస్తూ పోతే అది పేకాటే. ఇంతకీ ఆఫర్ లెటర్‌లో జాయినింగ్ డేట్ ఎప్పుడో, ఇక్కడ నోటీస్ పీరియడ్ ఎన్ని నెలలో మీరు రాయలేదు. ఈ రాత్రికి కార్డులు లోపల పెట్టేసి ఆ రెండూ చూడండి.